టైన్ వంతెన మీద గూళ్ల లెక్క

ఇంగ్లండులో ఏప్రిల్, మే నెలలొచ్చాయంటే సైటు పనివాళ్లం మొదట చూసేది ప్లాను కాదు, పైకప్పు. పక్షి గూడు కట్టిందంటే ఆ వైపు పని ఆగినట్టే. 1981 నాటి చట్టం ప్రకారం పక్షి వాడుతున్న గూడుని పాడుచేయడం నేరం. రోజు లెక్కన వచ్చే మన కుర్రాళ్లకి ఒక్క గూడు వారం కూలీ ఎగరగొట్టగలదు. అందుకే ఈ గూళ్లని ఎలా లెక్కపెడతారో తెలుసుకోవాలనిపించింది మాకు.

న్యూకాజిల్‌లోని టైన్ వంతెననే చూడండి. 1928లో తెరిచిన ఈ ఉక్కు వంతెన మీద కిట్టివేక్‌లనే సముద్రపు పక్షులు కాపురం పెట్టాయి. సముద్రానికి ఇంత లోపల అవి గూళ్లు కట్టే చోటు ప్రపంచంలో మరొకటి లేదంటారు. 2024లో మొదలైన మరమ్మతుల్లోనూ వాటికి చోటు చూడాల్సి వచ్చింది. రెట్టల కంపు భరించలేమని కింద తిరిగేవాళ్లు గొణుగుతారు, అదీ నిజమే!

బ్రిటన్‌లో సముద్రపు పక్షుల్ని 1986 నుంచి ఏటా ఒక పద్ధతిగా లెక్కిస్తున్నారు. ఆ పద్ధతులు రాసిన చేతిపుస్తకం 1995లో వచ్చింది. కిట్టివేక్ గూడు గుడ్లు నిలిచేంత గట్టిగా ఉండాలి, దగ్గర పెద్ద పక్షి ఒకటైనా ఉండాలి. అప్పుడే ఒకటి. గిలిమాట్ అసలు గూడే కట్టదు, వట్టి రాతి మీదే గుడ్డు పెడుతుంది. కాబట్టి పక్షుల్నే లెక్కించాలి. అదీ జూన్ మొదటి మూడు వారాల్లో, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపల. జోరువాన, పొగమంచు ఉంటే మానేయాలి.

ఇప్పుడు డ్రోన్లు, డిజిటల్ ఫొటోలు వచ్చాయి. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి స్కాట్లండులో చాలా దీవుల మీద అడుగు పెట్టవద్దన్నారు. దూరం నుంచి లెక్కించే దారి కావాలి, పాత సూచనలు తిరగరాయక తప్పదు. చిక్కెక్కడంటే, డ్రోన్‌కి పైనుంచి కనిపించేదీ బైనాక్యులర్ పట్టుకున్న మనిషికి ఎదురుగా కనిపించేదీ ఒకటి కాదు. అంకె పెరిగితే పక్షులు పెరిగాయా, చూపు పెరిగిందా? సైటులో లెవెల్ మిషను మారిస్తే పాత బెంచ్‌మార్క్ మీదే ముందు రీడింగ్ తీస్తాం. ఇక్కడా కొన్నేళ్లు ఒకే చోట రెండు రకాలుగానూ లెక్కించి తేడా పట్టుకోవాలి. 2000 ప్రాంతపు గణనతో పోలిస్తే 2015–21 నాటికి కిట్టివేక్‌లు 40 శాతానికి పైగా తగ్గాయని తేలింది. కొలత తేడాతో అలాంటి అంకె తారుమారైతే కాపాడాల్సిన పక్షిని వదిలేస్తాం, లేదా ఊరికే పనులు ఆపుతాం.

లెక్కించేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. బైనాక్యులర్, ఓపిక ఉంటే మనవాళ్లూ చేరొచ్చు. టోపీ మాత్రం మరవకండి, పైనుంచి ఏం పడుతుందో చెప్పలేం.