బొటీక్ హోటల్లో ఒక రాత్రి: 10,620 రూపాయలు దండగా, కాదా?

మొన్న జనవరిలో పాండిచ్చేరిలో ఒక బొటీక్ హోటల్లో ఒక్క రాత్రికి 10,620 రూపాయలు కట్టాను. ఈ సంగతి హాస్టల్లో నోరు జారినప్పట్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒరేయ్, నీకేమైనా పిచ్చా?" నిజమే, మన మెస్ బిల్లుతో లెక్కేస్తే అది మూడు నెలల తిండి. ఒక్కొక్కరికీ విడివిడిగా సంజాయిషీ ఇచ్చే ఓపిక లేక, లెక్కలతో సహా ఇక్కడ రాసేస్తున్నాను. చదివాక మీరే చెప్పండి.

ముందు, ఎందుకు వెళ్ళామో చెప్పాలి. అమ్మానాన్నల పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. నాన్నకి కాకినాడలో కిరాణా కొట్టు. తిరుమల కాటేజీలూ, పెళ్ళిళ్ళలో ఇచ్చే విడిది గదులూ తప్ప ఇద్దరూ హోటల్ గది అంటూ చూసింది లేదు. నాన్న పుట్టింది యానాంలో. ఊరు గోదావరి పక్కనే ఉన్నా పరిపాలన పాండిచ్చేరిది కదా! చిన్నప్పట్నుంచీ సర్టిఫికెట్ల మీద ఆ పేరు చూడ్డమే గానీ, ఆ ఊరు ఎప్పుడూ చూడలేదాయన. చెన్నైలో చేసిన ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ కొంత మిగిలింది. ఇదే మంచి టైమనుకున్నా. కానీ అసలు రేటు చెబితే నాన్న రైలెక్కరు. అందుకని "ఆఫర్లో 2,500కే వచ్చింది నాన్నా" అని చెప్పేశాను. ఈ అబద్ధాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పనుంది.

అసలు బొటీక్ అంటే ఏంటి?

హోటల్ సంగతి చెప్పగానే అమ్మ, "బొటీకా? అక్కడ జాకెట్లు కుడతారు కదరా?" అంది. నవ్వాను గానీ, ఆలోచిస్తే అమ్మ పోలికే కరెక్టు. రెడీమేడ్ షాపులో అందరికీ ఒకే కొలత. బొటీక్‌లో తక్కువ సరుకు, మన కొలతకి కుట్టింది. హోటళ్ళకి ఈ పేరు అలాగే వచ్చింది. స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ నడిపిన ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ 1984లో న్యూయార్క్ మాడిసన్ అవెన్యూ మీద మోర్గన్స్ అనే హోటల్ తెరిచారు. పెద్ద హోటళ్ళు డిపార్ట్‌మెంట్ స్టోర్ల లాంటివైతే మాది బొటీక్ అని రూబెల్ పోల్చాడని చెబుతారు. ఆ పేరు రాకముందే లండన్‌లో బ్లేక్స్ (1978), శాన్ ఫ్రాన్సిస్కోలో బెడ్‌ఫోర్డ్ (1981) ఇదే పద్ధతిలో మొదలయ్యాయి. గదులు తక్కువ, ఊరి నడిబొడ్డున చోటు, ఏ గదికి ఆ గది అలంకరణ: స్థూలంగా ఇవీ లక్షణాలు. ఒక్క జాగ్రత్త, స్టార్ రేటింగ్ లాంటి కొలబద్ద దీనికి లేదు. బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు.

పాండిచ్చేరిలో ఇలాంటివి ఎక్కువగా ఫ్రెంచివాళ్ళ కాలం నాటి పాత ఇళ్ళలో ఉంటాయి. ఊరి మధ్యలో ఒక కాలువ. దానికి సముద్రం వైపున్నది వైట్ టౌన్. పసుపు రంగు గోడలు, వాటి మీంచి వేలాడే కాగితం పూలు, లోపల మండువా లాంటి ఖాళీ జాగా. మేం దిగిన ఇంట్లో మొత్తం పది గదులే.

అంత రేటు ఎందుకు?

ఇది మనకి తెలిసిన ఫిక్స్‌డ్ కాస్ట్ లెక్కే. రాత్రంతా రిసెప్షన్లో మనిషి, వాచ్‌మన్, వంటమనిషి, జనరేటర్. ఇవన్నీ వంద గదులకీ కావాలి, పది గదులకీ కావాలి. ఆ ఖర్చుని వందతో కాకుండా పదితో భాగించాలి. పాత ఇల్లు కాబట్టి ఇంకో అంతస్తు లేపి గదులు పెంచుకునే వీల్లేదు. పైగా సముద్రానికి రెండు వీధుల దూరంలో స్థలం ఖరీదు.

దీని మీద జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి, రోజుకి 7,500 దాకా ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. ఇదో స్టెప్ ఫంక్షన్. 7,500 గదికి మొత్తం 7,875 అవుతుంది. అదే 7,600 గదికి 8,968. గది రేటు వంద పెరిగితే మన జేబులోంచి 1,093 ఎక్కువ పోతుంది! నేను 9,000 గది తీసుకున్నాను, పన్నే 1,620. ముందే చూసుకుని ఉంటే 7,500 లోపు గది వెతికేవాణ్ణి.

దక్కిందేంటి?

మధ్యాహ్నం 2కి చెక్-ఇన్, మర్నాడు 11కి చెక్-అవుట్. 21 గంటలు. నిద్ర ఏడు గంటలు తీసేస్తే మిగిలేది 14. రోజంతా ఆటోల్లో ఊళ్ళు తిరిగి రాత్రి వచ్చి పడుకునేవాళ్ళకి ఈ డబ్బు శుద్ధ దండగ. 1,500 రూపాయల లాడ్జిలో కూడా నిద్ర అదే నిద్ర. మేం మాత్రం ఎక్కడికీ పోలేదు. సాయంత్రం ఆరు దాటితే బీచ్ రోడ్డు మీదకి బళ్ళు రానివ్వరు. గాంధీ విగ్రహం దాకా నడిచి, గట్టు మీద కూర్చుని, మళ్ళీ నడిచొచ్చాం. పొద్దున్నే లేచి సముద్రంలో సూర్యోదయం చూశాం. "ఇదా మా పాండిచ్చేరి!" అన్నారు నాన్న, సొంతూరు చూసినట్టు.

ఇంకొకటి కాఫీ. సాయంత్రం కాఫీ తెచ్చిన కుర్రాడికి అమ్మ పంచదార వద్దని చెప్పింది. మర్నాడు పొద్దున వరండాలోకి, అడక్కుండానే, పంచదార లేని కాఫీ వచ్చింది. పది గదులుంటే ఎవరికేం కావాలో గుర్తుంటుంది, వందుంటే కష్టం. బొటీక్ అంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. పాతికేళ్ళుగా మా ఇంట్లో తెల్లారి మొదటి కాఫీ అమ్మే పెడుతుంది. ఆ పొద్దున గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

బిల్లు

గదిలో ఫ్రిజ్ పక్కన జీడిపప్పు ప్యాకెట్ ఉంటే, ఫ్రీ అనుకుని నాన్న తిన్నారు. చెక్-అవుట్‌లో దానికి 350 వేశారు. యాభై గ్రాములు! జీడిపప్పు అమ్మే మనిషి ఊరుకుంటారా? బిల్లు చేతిలోకి తీసుకున్నారు. పై లైన్లో గది రేటు కనబడింది. నా వైపు ఒక్క చూపు చూసి, మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

బస్టాండ్ దాకా మాట లేదు. బస్సు ఎక్కాక అన్నారు: "కొట్లో రోజంతా నిలబడితే నాకంత మిగలదురా."

నేనేం అనలేకపోయాను. కాసేపటికి మళ్ళీ ఆయనే, "రాత్రి మూడు గదుల్లోనే లైట్లు వెలిగాయి, చూశావా? మిగతా ఏడూ ఖాళీ. సాయంత్రానికి మిగిలిన అరటిపళ్ళు నేనేం చేస్తాను? వచ్చిన రేటుకి ఇచ్చేస్తాను. రాత్రి గడిచిపోతే గదీ అంతే. నాకు ముందే చెప్పుంటే ఫోన్ చేసి మాట్లాడేవాణ్ణి కదా. ఆ యాప్ వాడికి కమీషన్ ఇచ్చే బదులు మనకే తగ్గించేవాళ్ళు" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బుకింగ్ సైట్లు హోటల్ దగ్గర కమీషన్ తీసుకుంటాయి. శని, ఆదివారాల్లో చెన్నై, బెంగళూరు జనంతో నిండే గదులు మేం వెళ్ళిన బుధవారం ఖాళీ. నేరుగా ఫోన్ చేసి అడిగుంటే రేటు తగ్గేదే. రేటు దాచి, బేరం తెలిసిన మనిషినే నేను పక్కన పెట్టాను.

కాబట్టి నా తీర్పు ఇదీ. ఊరు చుట్టి రావడానికి వెళ్తుంటే వద్దు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తున్నా వద్దు, మన గోలకి అవి సరిపోవు. కాలినడకన తిరగదగ్గ ఊరు, తీరిగ్గా కూర్చునే మనుషులు ఉంటే ఒక్క రాత్రికి వెళ్ళొచ్చు. వారం మధ్యలో వెళ్ళండి, నేరుగా ఫోన్ చేయండి, 7,500 గీత దాటకండి, ఫ్రిజ్ పక్కనున్నవి ముట్టుకోకండి.

నాన్న ఇప్పటికీ "ఐదు వేలైతే న్యాయం" అంటారు. ఆ బిల్లు కొట్లో ఖాతా పుస్తకంలో ఉంది, పారెయ్యలేదు. అమ్మ మాత్రం రేటు ఎంతని ఇంతవరకూ అడగలేదు. మొన్న ఫోన్లో, "ఆ కాఫీ అబ్బాయి పేరేంట్రా?" అని అడిగింది.