దిగులు మాత్ర సంగతి కంటి డాక్టరుకీ చెప్పాలి

పెద్దాపురంలో యాభై దాటిన ఒకావిడ ఈమధ్యే దిగులు తగ్గే మాత్రలు మొదలుపెట్టారనుకోండి. ఓ రాత్రి కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. వీధిలైటు చుట్టూ రంగుల వలయాలు. ఇంట్లోవాళ్ళు పైత్యం అనుకుని సోడా పట్టించి పడుకోబెడతారు. తెల్లారేసరికి చూపు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

ఇది అరుదే. తప్పంతా మాత్రది కూడా కాదు. కంట్లో నిత్యం ఊరే నీరు కనుపాప గుండా ముందుకొచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న సన్నని మూలలోంచి బయటికి పోతుంది. ఈ మందులు కనుపాపను కాస్త పెద్దది చేస్తాయి. అప్పుడు దాని చుట్టూ ఉన్న ఐరిస్ అనే పొర, పక్కకి లాగిన తెరలా మడతపడి అంచుకు చేరుతుంది. మూల విశాలంగా ఉన్నవాళ్ళకి ఏమీ కాదు. ముందే ఇరుకుగా ఉంటే దారి మూసుకుపోవచ్చు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే కంటి ప్రెషరు 40 దాటి, చూపు నరాన్ని నొక్కేస్తుంది. నీటికాసుల జబ్బులో ఇదొక రకం.

అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాతతరం మందులకే కాదు, సెర్ట్రాలిన్ వంటి కొత్తవాటికీ ఈ హెచ్చరిక ఉంది. అమిట్రిప్టిలిన్‌ని పార్శ్వపు నొప్పికీ, నరాల మంటలకీ రాస్తారు. కాబట్టి అది దిగులు మందని వేసుకునేవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఇరుకు మూలలు మనవాళ్ళలో తక్కువేం కాదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 1996–2000 మధ్య చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే పశ్చిమగోదావరి పల్లెలకూ వెళ్ళింది. అందులో భాగంగా హైదరాబాదులో నలభై దాటినవాళ్ళను చూస్తే 1.08 శాతానికి ఈ రకం నీటికాసులు, మరో 2.21 శాతానికి మూసుకుపోగల మూలలు కనిపించాయి. ఆడవాళ్ళకీ, దూరపు చూపుకి ప్లస్ పవరు ఉన్నవాళ్ళకీ, శుక్లం ముదురుతున్నవాళ్ళకీ ముప్పెక్కువ.

కనిపెట్టడం కష్టం కాదు. డాక్టరు కణత వైపు నుంచి టార్చి వేస్తారు. ముక్కు వైపు ఐరిస్ మీద నీడ పడితే మూల ఇరుకని అనుమానం. అప్పుడు అద్దమున్న చిన్న లెన్సు కంటికి ఆనించి మూలను నేరుగా చూస్తారు. అవసరమైతే లేజరుతో ఐరిస్‌కి చిన్న రంధ్రం చేస్తారు. నిమిషాల పని. ఆ తర్వాత చాలామంది మాత్రలు నిశ్చింతగా వాడుకోవచ్చు.

అడ్డొచ్చేదల్లా మొహమాటం. బీపీ, షుగరు మందులు గడగడా చెప్పేవాళ్ళు మనసు మందు దగ్గర ఆగిపోతారు. చెప్పకపోతే కంటి డాక్టరుకి అనుమానించే ఆధారమే ఉండదు. అలాగని భయపడి మాత్రలు మీకు మీరే మానేయకండి, దిగులు తిరగబెడుతుంది. పైన చెప్పిన లక్షణాలు కనబడితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా, మందుచీటీ పట్టుకుని రాత్రికి రాత్రే కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరండి.