బడిలో నేర్చిన జవాబు ఇప్పుడు తప్పు!

'పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణం?' అని మాస్టారు అడగ్గానే 'ఏలూరండీ' అని క్లాసంతా అరిచేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడు పోటీ పరీక్షలో అదే రాస్తే మార్కు పోయినట్టే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. తాడేపల్లిగూడెం అందులోనే ఉండిపోయింది. ఏలూరు వేరే జిల్లా అయింది. కొల్లేటి పక్కనున్న కైకలూరు కృష్ణా నుంచి ఏలూరులోకి వచ్చింది.

ఆ తర్వాత ఓ ఇంటర్వ్యూలో, 'జిల్లా విడిపోతే మీ ఊరికి ఏం ఒరిగింది?' అని అడిగారు. కోడింగ్ ప్రశ్నలకి టకటకా చెప్పిన నేను అక్కడ నీళ్లు నమిలాను.

చిన్నప్పుడు విజయవాడ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వింటూ బ్యాగు సర్దుకునేవాణ్ని. తర్వాత ఎఫ్‌ఎం పాటలకి అలవాటుపడ్డాం. కానీ ప్రైవేటు ఎఫ్‌ఎంలకి సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. దాంతో మన రాజకీయమంతా వాట్సాప్ ఫార్వర్డులే! అక్కడ ఎవరి పార్టీ డప్పు వాళ్లది.

1948లో మొదలైన ఆ విజయవాడ కేంద్రం ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లోనూ వినొచ్చు. రోజూ ఓ బులెటిన్ వినండి. నిర్ణయం ఏంటి, ఎవరు తీసుకున్నారు, మన ఊళ్లో ఏం మారుతుంది... ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో మీరు నాలా నీళ్లు నమలక్కర్లేదు.