చిరునామాల పట్టిక



బొల్లారమునకు వ్రాయు ఉత్తరముపై 500010 అను పిన్ కోడు వేయుట మీరెఱిగినదే. 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన నెలకొనిన ఈ పద్ధతిలో మొదటి మూడంకెలు టపాను వేఱుపఱచు జిల్లాను, కడపటి మూడంకెలు బట్వాడా చేయు పోస్టాఫీసును తెలుపును. అచ్చట ఏ జవాను ఏ వీధికి పోవునో ఉత్తరము వ్రాసినవానికి తెలియనక్కఱలేదు. జవాను మారినను చిరునామా మారదు.

వెబ్ చిరునామాకును ఇదియే మర్యాద. బొల్లారమందలి రాష్ట్రపతి నిలయమును చూడగోరువారు నేడు ఇంటనుండియే వెబ్ మూలమున వేళను నిర్ణయించుకొనవచ్చును. అట్టి చిరునామాలో మొదటి భాగము ఏ కంప్యూటరును చేరవలెనో చెప్పును. ఆ కంప్యూటరునకు సర్వరని పేరు. వాలుగీత తరువాతి భాగము అచ్చట కావలసిన పనిని చెప్పును. తొలినాళ్లలో అది బీరువాలోని కాగితము పేరువంటిది. ఇప్పుడు, అడిగినంతనే పుటను కూర్చి యిచ్చు ప్రోగ్రాములు లోపలనున్నవి. ఏ పేరునకు ఏ ప్రోగ్రాము పనిచేయవలెనో తెలుపు పట్టిక యొకటి సర్వరునొద్ద నుండును.

ఒక కోరికకు పట్టికలో రెండు మూడు పంక్తులు సరిపడినచో దేని మాట చెల్లును? జావా సర్వ్‌లెట్లలో, అక్షరము తప్పక కలిసిన పంక్తికి మొదటి పీట. అది లేనిచో, మొదలునుండి కలియు పంక్తులలో మిక్కిలి పొడవైనది గెలుచును. “పన్నులు” అన్నియు ఒక ప్రోగ్రామునకును, వానిలో “ఇంటిపన్ను” మఱియొకదానికిని ఒప్పగించినచో, ఇంటిపన్ను కోరిక రెండవదానికే పోవును. అదియు లేనిచో పేరు చివరి చుక్క తరువాతి తోకను చూచును. ఏదియు కుదరనిచో, మిగిలిన వానికై నియమించిన ప్రోగ్రామునకు పంపును. పైతాన్ భాషలోని జాంగోలో మాత్రము పైనుండి చదువుచు, మొదట కలిసిన పంక్తినే గ్రహించును. అచ్చట అన్నింటికి సరిపడు పంక్తిని పైన వ్రాసినచో క్రింది పంక్తులు వ్యర్థములు.

ఇందులో మనకేమి నష్టమందురా? ఒక రైతు తన పొలపు కాగితమును చూపు చిరునామాను పుస్తకమున వ్రాసికొనెననుకొనుడు. కొన్నాళ్లకు కార్యాలయమువారు ప్రోగ్రామును మార్చి, పట్టికలోని పాత పేరును కొట్టివేసిరి. ఆ చిరునామాకు ఇక 404, అనగా దొరకలేదను జవాబే వచ్చును. కాగితము భద్రముగనే యున్నది, త్రోవయే తెగినది. ఆ రైతు మాత్రము దినపుకూలి పోగొట్టుకొని కార్యాలయమునకు నడువవలెను.

దీనికి మందు సులభము. ప్రోగ్రాము మార్చినను పేరు నిలుపవలెను. పేరే మార్చవలసివచ్చినచో పాత పేరునకెదుట 301 అను సంకేతముతో క్రొత్త చోటును చూపవలెను. వెబ్‌ను నిర్మించిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే మంచి చిరునామాలు మారరాదని హెచ్చరించెను. పట్టిక వ్రాయువాడు నాలుగు పంక్తులెక్కువ వ్రాసినచో, నలుగురి ప్రయాణము తప్పును.