పేనుకొరుకుడుకీ షుగరు జబ్బుకీ సంబంధమేమిటి?



సెలవుల తర్వాత వచ్చిన ఒక తమ్ముడి తల వెనక రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలి నున్నగా అయిపోయిన సంగతి మీకందరికీ తెలిసినదే. వాణ్ణి "పేనుకొరుకుడోడా" అని పిలిచాం. వాడి దువ్వెన ముట్టుకోలేదు. చాప తలుపు దగ్గరకి నెట్టేశాం. అందులో నేనూ ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

పేరులో పేను ఉంది గాని ఈ జబ్బుకి పేనుతో సంబంధం లేదు. పేలు రక్తం తాగుతాయి, వెంట్రుకలు కొరకవు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు ఉంటాయి కదా. ఒక్కోసారి అవి పొరబడి సొంత ఒంటినే శత్రువనుకుంటాయి. చేపల చెరువు కాపలాకి పెట్టిన కుక్క చెరువు ఆసామినే కరిచినట్టన్నమాట! అవి వెంట్రుక కుదుళ్ళ మీద పడితే పేనుకొరుకుడు వస్తుంది. కుదురు చచ్చిపోదు, పని ఆపేస్తుంది అంతే. అందుకే చాలామందికి ఏడాదిలోపు మళ్ళీ మొలుస్తుంది.

ఇదే పొరపాటు పొట్టలోని క్లోమగ్రంథి మీద జరిగితే ఇన్సులిన్ తయారుచేసే కణాలు నాశనమవుతాయి. రక్తంలోని చక్కెర ఒంటికి పట్టక మూత్రంలో పోతుంది. పిల్లలకి వచ్చే షుగరు ఎక్కువగా ఇదే. తీపి తినడం వల్ల వచ్చేది కాదు, కనుక బందరు లడ్డూ మీద నింద వేయకండి. 1922లో కెనడాలోని టొరాంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు.

రెంటికీ మూలం ఒకటే గనుక ఒకటి ఉన్నవారికి రెండోది వచ్చే అవకాశం మిగతావారికంటే కొంచెం ఎక్కువ. అయినా పేనుకొరుకుడు వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ షుగరు రానే రాదు. కాని ఎవరైనా రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నా, ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరకపోయినా, బాగా తింటూ చిక్కిపోతున్నా దాచకండి. వార్డెను గారికి ఆ రోజే చెప్పండి. వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఆలస్యమైతే వాంతులు, ఆయాసం వచ్చి స్పృహ తప్పవచ్చు.

పెద్దవాళ్ళ షుగరు వేరు. నాగాయలంక దగ్గర మా తాత పీతల కోసం చెప్పుల్లేకుండా మడ అడవుల్లోకి దిగేవాడు. ఆయన కాళ్ళకి మోకాళ్ళ కింద వెంట్రుకలే ఉండేవి కావు, చర్మం మెరిసేది. రక్తనాళాలు ఇరుకై కాళ్ళకి రక్తం సరిగా అందకపోతే అలా అవుతుంది. అలాంటి కాలికి దెబ్బ తగిలితే పుండు త్వరగా మానదు. మీ ఇళ్ళలో షుగరు ఉన్నవాళ్ళుంటే ఈసారి వెళ్ళినప్పుడు కాళ్ళు చూడండి.

ఇంకో మాట. తల మీద పొలుసులు, దురద, తెగిపోయిన వెంట్రుకలు ఉంటే అది పేనుకొరుకుడు కాకపోవచ్చు, తామర కావచ్చు. తామర మాత్రం అంటుకుంటుంది. దానికి దువ్వెన, తువ్వాలు వేరుగా పెట్టుకోవాలి, మందు మింగాలి.

మా పేటలో పేనుకొరుకుడుకి గురివింద గింజ అరగదీసి రుద్దుతారు. గురివింద గింజ విషం. చర్మం పొక్కుతుంది, పొరపాటున నోట్లోకి పోతే ప్రాణానికే ముప్పు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గర మందులున్నాయి.

తమ్ముణ్ణి బందరు పెద్దాసుపత్రిలో చూపించారు. షుగరు లేదన్నారు. ఇప్పుడు మచ్చ మధ్యలో సన్నగా తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి. మొదట అలాగే తెల్లగా వచ్చి, తర్వాత నల్లబడతాయట. వాడి చాప కిటికీ పక్కకి మార్చాం, నా చాప పక్కనే.

— పదవ తరగతి విద్యార్థి