రాత్రి 12.15 ఏ రోజు కిందికి వస్తుంది?

చెవిటికల్లు నుంచి చెన్నైకి రైల్లో వెళ్ళాలంటే కంచికచర్ల మీదుగా విజయవాడ చేరి బండి ఎక్కవచ్చు. టికెట్ మీద శనివారం తేదీ, బయల్దేరే వేళ 00.15 అని ఉందనుకుందాం. ఇల్లు కదలాల్సింది శుక్రవారం రాత్రి. శనివారం రాత్రి భోంచేసి వెళితే ఆ బండి వెళ్ళిపోయి దాదాపు 24 గంటలు అయి ఉంటుంది. ఆ రిజర్వేషను మర్నాటి బండికి చెల్లదు.

ఈ తికమక చదువుకున్నవాళ్ళకూ తప్పదు. మన వాడుకలో తెల్లవారేదాకా రాత్రంతా ఒకటే. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. అందుకే శుభలేఖల్లో ‘శుక్రవారం రాత్రి 2.40కి, తెల్లవారితే శనివారం’ అని వేస్తారు. ఇంతకంటే తేటగా చెప్పే పద్ధతి నాకు కనబడలేదు. ఇంగ్లిషు తేదీ తెల్లవారేదాకా ఆగదు. 1947 ఆగస్టు 14 రాత్రి 11 గంటలకు కూర్చున్న రాజ్యాంగ సభ లేచేసరికి తేదీ 15.

ఇక ఏఎం, పీఎం. రెండూ లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. ఏఎం అంటే యాంటే మెరిడియెమ్ (మధ్యాహ్నానికి ముందు). పీఎం అంటే పోస్ట్ మెరిడియెమ్ (మధ్యాహ్నం తర్వాత). అంటే హద్దు మిట్టమధ్యాహ్నం.

చిక్కల్లా సరిగ్గా 12 దగ్గరే. ఆ క్షణం మధ్యాహ్నానికి ముందూ కాదు, తర్వాతా కాదు. కానీ మరుక్షణం నుంచి పీఎం. అందుకని మధ్యాహ్నం పన్నెండునూ పీఎంలోనే కలిపేశారు. అర్ధరాత్రి పన్నెండు ఏఎంలోకి వెళ్ళింది. ఫోన్లలో ఉన్నదీ ఇదే. రైల్వే 24 గంటల లెక్కతో ఈ గొడవ తప్పించుకుంది. తేదీ గొడవ మాత్రం మిగిలే ఉంది.

గడువుల్లో ఇదే ఖరీదైన పొరపాటవుతుంది. ‘31వ తేదీ అర్ధరాత్రి 12 వరకు’ అంటే 31 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా? దరఖాస్తుదారు ఒకటి అనుకుంటాడు, కార్యాలయం ఇంకొకటి అనుకోవచ్చు. నోటీసులు రాసేవారు ‘31వ తేదీ రాత్రి 11.59 వరకు’ అని వేయండి.