టెండర్ ఓటు

గుర్తింపు కార్డు పట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళితే, మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి పోయారని తెలిసింది. అప్పుడు చట్టం మీకిచ్చే ఓటే టెండర్ ఓటు. పోలింగ్ జరిగిన ప్రతిసారీ ఈ పదం వార్తల్లోకి వస్తుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49పి నియమం దీనికి ఆధారం. సోషల్ మీడియాలో ‘సెక్షన్ 49పి’ అని తిరుగుతోంది కానీ, అది సెక్షన్ కాదు, నియమం.

మీరెవరో నిర్ధారించుకునేందుకు ప్రిసైడింగ్ అధికారి ప్రశ్నలు వేస్తారు. జవాబులు సంతృప్తికరంగా ఉంటే టెండర్ బ్యాలెట్ పత్రం ఇస్తారు. ఈవీఎం మీట నొక్కనివ్వరు. ఫారం 17బీలో మీ సంతకం తీసుకుంటారు. మీరు గుర్తు వేసి ఇచ్చిన పత్రాన్ని విడిగా కవరులో భద్రపరుస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: లెక్కింపు రోజున ఈ ఓటును లెక్కించరు. ఫలితంపై ఎన్నికల పిటిషన్ పడి, న్యాయస్థానం ఆదేశిస్తేనే ఆ కవరు తెరుస్తారు. అలాగని అది వృథా కాదు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా శాసనసభ స్థానంలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. అక్కడి టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

దీన్ని ఛాలెంజ్ ఓటుతో కలిపేయకూడదు. ఓటరు గుర్తింపుపై పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం అది. విచారణలో ఓటరే నెగ్గితే మామూలుగా ఈవీఎంలోనే ఓటేస్తారు.

పేరు జాబితాలోనే లేకపోతే మాత్రం టెండర్ ఓటు అడిగే వీలు లేదు. ఓటరు కార్డు చేతిలో ఉన్నా సరే. అందుకే పోలింగుకు ముందే జాబితాలో పేరు చూసుకోవడం తప్పనిసరి.